మింట్ వీధి ఇంటి బాడుగ పుస్తకాలు

మా ఇంట్లో "అద్దె" అనే మాట వాడం. బాడుగ అంటాం. బెజవాడ నుంచి వచ్చిన చుట్టాలు "అద్దె ఎంతొస్తుందండీ?" అని అడిగితే మా అవ్వ "బాడుగనా?" అని సరిదిద్దిగానీ జవాబు చెప్పేది కాదు. నెల్లూరు సీమ నుంచి మూట కట్టుకొచ్చిన మాటల్లో అదొకటి. మదరాసులో నాలుగు తరాలు గడిచినా, చుట్టూ అరవంలో "వాడగై" వినిపిస్తున్నా, మా నోట బాడుగ బాడుగగానే నిలిచింది.

ఈ ఉగాదికి ఇంటి బాధ్యత మా చేతుల్లోంచి మా పిల్లలకు, అంటే ఐదో తరానికి వెళ్తోంది. తాళాల గుత్తి ఇస్తే సరిపోదని మాకు తెలుసు. అందుకే బీరువాలో ఎర్రగుడ్డ కట్టిన ఏడు పుస్తకాలు దించి, దుమ్ము దులిపి, అన్నదమ్ములం అక్కచెల్లెళ్ళం కూర్చుని చదివాం. 1934 నుంచి 1996 దాకా ఈ ఇంటి చిట్టాలూ ఆవర్జాలూ అవి. చిట్టా అంటే ఏ రోజు జమాఖర్చు ఆ రోజు రాసేది. ఆవర్జా అంటే మనిషి పేరున, వాటా పేరున విడదీసి రాసేది. మా ఇంటి చరిత్ర అందులో ఉంది. మా ఇంటి తప్పులు కూడా అందులోనే ఉన్నాయి.

ఇల్లు, వాటాలు

బెజవాడ నుంచి మదరాసుకు 1899లో రైలుదారి పూర్తయిన కొన్నేళ్ళకు మా ముత్తాత ఊరొదిలి ఇక్కడికొచ్చాడు. కొత్వాల్ చావడిలో ఒక ధాన్యం వర్తకుడి దగ్గర గుమాస్తాగా చేరాడు. ఆ రోజుల్లో పెద్దనాయకన్ పేటలో తెలుగు వినపడని వీధి లేదంటారు. ఆ పేట పేరే మన పెద్దనాయకులది. కంపెనీ కాలంలో పట్నం కావలి చూసిన తెలుగువాళ్ళు వాళ్ళు. 1919లో మింట్ వీధికి పక్కన ఒక సందులో ముత్తాత ఈ ఇల్లు కొన్నాడు. వీధి తిన్నె, నడవ, మధ్యలో ముత్తం, దాని చుట్టూ గదులు, పైన మాడి, వెనక బావి. మిద్దె మదరాసు టెర్రస్: టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టినది.

కొన్నప్పుడు బాడుగకు ఇచ్చే ఆలోచనే లేదు. 1930 తరవాత ధాన్యం ధరలు పడిపోయి వర్తకుడు గుమాస్తాలను తగ్గించాడు. ముత్తాత పోయాడు. తాత చేతికి ఇల్లు, ముగ్గురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు కలిసి వచ్చాయి. 1934లో ఆయన ఇంటిని ఆరు వాటాలు చేసి, ఒకటి మాకుంచుకుని ఐదు బాడుగకిచ్చాడు. మొదటి పుస్తకం మొదటి పేజీ అక్కడ మొదలవుతుంది: "మాడి ముందు వాటా, నెలకు రూ. 9". చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు మూడూ ఆ ఐదు వాటాల మీదే జరిగాయి.

ఆ కాలంలో ఒప్పందం కాగితాలు లేవు. మాటే. కానీ తాత గుమాస్తా కొడుకు కదా, ఒక్క అలవాటు మాత్రం వదల్లేదు. డబ్బు చేతికొచ్చిన రోజే పద్దు రాసేవాడు, రసీదు ఇచ్చేవాడు. ఇరవై రూపాయలు దాటితే అణా స్టాంపు అంటించి దానిమీద సంతకం చేసేవాడు, 1899 స్టాంపుల చట్టం ప్రకారం. "రసీదు అడిగేదాకా ఆగకూడదు. అడిగారంటే అప్పటికే మనమీద అనుమానం వచ్చినట్టు" అనేవాడట.

ఊరు ఖాళీ అయిన ఏడాది

1942 ఏప్రిల్ పేజీలు చదువుతుంటే ఇప్పటికీ ఏదోగా ఉంటుంది. ఆ నెల 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వెంటనే మదరాసులో పనిలేని వాళ్ళంతా ఊరు వదిలి వెళ్ళడం మంచిదని సర్కారు చెప్పింది. 1914లో ఎమ్డెన్ ఓడ వేసిన గుండ్లు చూసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ఎవరూ రెండోమాట అడగలేదు. మా ఐదు వాటాల వాళ్ళూ వారం రోజుల్లో వెళ్ళిపోయారు. ఒకరు అరక్కోణం, ఒకరు కంచి, ఇద్దరు నెల్లూరు వైపు. సామాన్లు గదుల్లో వదిలి తాళంచెవులు తాతకిచ్చి పోయారు.

ఆవర్జాలో ఐదు పేజీల్లోనూ ఒకే మాట ఉంది: "ఊరు ఖాళీ". దాని ఎదుట బాడుగ బాకీ అని రాయలేదు. సామాన్లు గదిలోనే ఉన్నాయి కాబట్టి బాకీ రాసినా తప్పనేవాళ్ళు లేరు. తిరిగొచ్చాక ముగ్గురు సగం బాడుగ తామే ఇచ్చారు. ఒకరు ఇవ్వలేదు, తాత అడగలేదు. ఒకరు మళ్ళీ రానే లేదు. ఆయన సామాన్లు రెండేళ్ళు మాడి మెట్ల కింద ఉన్నాయని మా నాయన చెప్పేవాడు.

2020లో కరోనా వచ్చి ఊరు మూతపడినప్పుడు మా వాటాల్లో ముగ్గురికి పని పోయింది. ఏం చెయ్యాలని అనుకుంటుంటే మా చెల్లెలు ఈ పేజీ ఫోటో తీసి పంపింది. మూడు నెలలు సగం బాడుగే తీసుకున్నాం. తాత దారి చూపించాడు కాబట్టి వాదన లేకుండా తేలిపోయింది.

చట్టం ఇంట్లోకి వచ్చింది

భయం తగ్గాక పోయినవాళ్ళే కాదు, కొత్తవాళ్ళు కూడా వచ్చిపడ్డారు. 1941 జనాభా లెక్కల్లో మదరాసు 7 లక్షల 77 వేలు. 1951లో 14 లక్షల 16 వేలు. ఆ మధ్యలో నగరం హద్దులు పెంచిన మాట నిజమే గానీ, గదులు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. బాడుగలు ఎక్కడ ఆగుతాయో తెలియని పరిస్థితి.

యుద్ధకాలపు ఉత్తర్వుగా 1941లో బాడుగ నియంత్రణ మొదలైంది. 1946లో చట్టమైంది, 1949లో ఇంకో చట్టం, 1960లో మరొకటి. ఈ చివరిదే దాదాపు అరవై ఏళ్ళు నడిచింది. మొదటి చట్టాల్లో న్యాయమైన బాడుగకు కొలబద్ద, 1940 ఏప్రిల్ 1కి ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో అలాంటి ఇంటికి ఉన్న బాడుగ. దానిమీద కొంత పెంపు అంతే. వాటా ఖాళీ అయితే ఏడు రోజుల్లో అధికారికి రాసి తెలపాలి. సర్కారు ఉద్యోగికి కావాలంటే వాళ్ళే కేటాయిస్తారు. రసీదు ఇవ్వాలి. అడ్వాన్సు ఒక్క నెలకు మించి తీసుకోకూడదు. నీళ్ళు, దీపం ఆపకూడదు. ఖాళీ చెయ్యమనాలంటే చట్టంలో చెప్పిన కారణం చూపాలి: బుద్ధిపూర్వకంగా బాడుగ ఎగ్గొట్టడం, యజమానికే ఇల్లు కావలసిరావడం, పడగొట్టి కట్టడం, అలాంటివి.

1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు వెళ్ళింది. మదరాసు మనదే అని అరిచినవాళ్ళు మా తిన్నెమీదా కూర్చున్నారు. వెనక వాటాలో ఉన్న తెలుగు గుమాస్తా ఆఫీసుతోపాటు కర్నూలు వెళ్ళిపోయాడు. తాత పద్ధతి ప్రకారం ఖాళీ నోటీసు పంపాడు. కేటాయింపేమీ రాలేదు. ఆ వాటాలోకి ఒక అరవ వాద్యారు కుటుంబం వచ్చింది. నెలకు రూ. 22. భార్య, ఆరేళ్ళ కూతురు. మా కుటుంబ చరిత్రలో వాళ్ళు ఇంత పెద్ద పేజీ అవుతారని ఎవరూ అనుకోలేదు.

మా పెద్దనాయన వ్యాజ్యం

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. రాయకపోతే మిగతాది చెప్పే అర్హత లేదనిపించింది.

1968లో తాత పోయాక ఇల్లు పెద్దనాయన చూసుకున్నాడు. ఆయన కష్టం ఆయనది. ఇంటి పన్ను పెరిగింది, కూలీ పెరిగింది, సున్నం దొరకడం కష్టమైంది. వాద్యారు వాటా బాడుగ 1971 నాటికి రూ. 35. మాడి కారుతుంటే తారు పూయించడానికే ఒక ఏడాది బాడుగ పట్టేది. ఆ రోజుల్లో జార్జి టౌన్ ఇళ్ళు శిథిలం కావడానికి ఇదొక కారణం. బాడుగ మరమ్మతుకు చాలదు, యజమాని మరమ్మతు చెయ్యడు, ఉన్నవాళ్ళు తమది కాని ఇంటికి ఖర్చు పెట్టరు.

పెద్దనాయన రూ. 80 అడిగాడు. వాద్యారు 45 ఇస్తానన్నాడు. మాట పెరిగింది. ఆ నెల నుంచి పెద్దనాయన బాడుగ తీసుకోవడం మానేశాడు. ఆయన ఆలోచన ఏమిటంటే, పుస్తకంలో పదకొండు నెలలు ఖాళీగా ఉంటే బాడుగ ఎగ్గొట్టినట్టు చూపవచ్చని. వాద్యారు గొడవ పడలేదు. ఏ బ్యాంకులో కట్టమంటారో చెప్పండని ఉత్తరం రాశాడు. జవాబు లేదు. కమీషను తగ్గించి మనియార్డరు పంపాడు. పెద్దనాయన "నిరాకరించడమైనది" అని రాయించి తిప్పి పంపాడు. వాద్యారు రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేశాడు. చట్టంలో చెప్పిన మెట్లు ఒక్కటీ తప్పలేదు.

1972లో పెద్దనాయన స్మాల్ కాజెస్ కోర్టులో కేసు వేశాడు. రెండు కారణాలు చూపాడు. ఒకటి, బాడుగ బాకీ. రెండు, పెద్దకొడుక్కి పెళ్ళి, ఉండడానికి వాటా కావాలి. ఖాళీ నెలలు చూపడానికి తనే ఆవర్జా పట్టుకెళ్ళి కోర్టుకిచ్చాడు.

అవతలి వకీలు ఆ పుస్తకం చేతికి తీసుకుని నాలుగు పేజీలు వెనక్కి తిప్పాడట. అక్కడ పెద్దనాయన చేతిరాతే ఉంది. 1971 సెప్టెంబరులో కింద ముందు వాటా ఖాళీ అయింది. అదే నెలలో ఒక వర్తకుడికిచ్చారు. బాడుగ రూ. 90, అడ్వాన్సు రూ. 900. కొడుక్కి నిజంగా వాటా కావాలంటే చేతిలో ఉన్న ఖాళీ వాటా ఎందుకు వేరేవాళ్ళకిచ్చారు? ఒక్క నెల అడ్వాన్సే తీసుకోవాల్సిన చోట పది నెలలెందుకు? ఆ ఖాళీకి నోటీసేది? మనియార్డరు ఎందుకు తిప్పి పంపారు? దేనికీ జవాబు లేదు.

1975లో కేసు కొట్టేశారు. 1977లో అప్పీలు పోయింది. 1981లో హైకోర్టులో కూడా పోయింది. చిట్టాల్లో "కోర్టు" కింద రాసినవన్నీ మేం కూడి చూశాం: రూ. 4,760. అదే తొమ్మిదేళ్ళలో ఆ వాటా మీద రావలసిన బాడుగ మొత్తం రూ. 3,780. ఆ తొమ్మిదేళ్ళూ రెండు ఇళ్ళవాళ్ళం ఒకే బావిలో నీళ్ళు తోడుకున్నాం, మాటల్లేవు. అవ్వ మాత్రం పండగకు కొబ్బరి బూరెలు వెనక వాటాకి పంపడం మానలేదు. పెద్దనాయన చూసీ చూడనట్టు ఉండేవాడు.

బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. చట్టంలో ఆయనకు దారి ఉంది. న్యాయమైన బాడుగ నిర్ణయించమని కోరవచ్చు. 1973 సవరణ తరవాత కట్టడం ఖర్చు, స్థలం విలువ లెక్కగట్టి, నివాసాలకు ఏడాదికి దానిమీద 9 శాతం అని లెక్క పెట్టారు. ఓడిపోయాక 1982లో మా నాయన ఆ దరఖాస్తు వేశాడు. వాద్యారు కూడా ఒప్పుకున్నాడు. ఏడాది తిరగకుండా రూ. 190కి తేలింది. పెద్దనాయన అడిగిన 80కి రెండింతలకన్నా ఎక్కువ. చట్టం ఇచ్చినదాన్ని అడక్కుండా, ఇవ్వనిదాన్ని లాక్కోబోయాడు.

అప్పటినుంచి మేం పాటిస్తున్నవి

నాయన ఇల్లు చేతికి తీసుకున్నాక పెట్టిన పద్ధతులు, తరవాత మేం చేర్చినవి కలిపి రాస్తున్నాం. పిల్లలకోసమే అయినా బాడుగ ఇల్లున్న ఎవరికైనా పనికొస్తాయి.

ఇచ్చిన బాడుగ ఎప్పుడూ కాదనకూడదు. మనసులో ఎంత కోపమున్నా తీసుకుని, రసీదిచ్చి, తగువు వేరేగా తేల్చుకోవాలి. ఇప్పుడు ఫోన్లో డబ్బు పడుతోంది. పడిన రోజే "ఫలానా నెల బాడుగ ముట్టింది" అని ఒక వరుస రాసి పంపుతాం. నగదైతే కాగితం రసీదు. బాకీ పడినా వెంటనే ఎగవేత అనుకోకూడదు. చెల్లించలేకపోవడం వేరు, బుద్ధిపూర్వకంగా ఎగ్గొట్టడం వేరు. ఆ తేడా మీద 1985లో సుప్రీంకోర్టు మదరాసు కేసుల్లోనే పెద్ద తీర్పిచ్చింది. మేం మాత్రం రెండో నెల దాటగానే ఇంటికెళ్ళి అడుగుతాం, మూడో నెలకు రాతలో అడుగుతాం.

అడ్వాన్సు సంగతి. ఈ ఊళ్ళో చట్టం ఒక్క నెల అంటే వీధి పది నెలలంది. అది అప్పనంగా వచ్చిన సొమ్ము అనుకున్న ఇళ్ళు చాలా చెడ్డాయి. ఖాళీ చేసే రోజు అడ్వాన్సు తిరిగివ్వలేక, కొత్తవాళ్ళ అడ్వాన్సు వచ్చేదాకా పాతవాళ్ళను తిప్పించుకోవడం పరువు తక్కువ. మన గూడూరులో ఒక హోటలు వ్యాజ్యం 1989లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చట్టానికి మించిన అడ్వాన్సు యజమాని చేతిలో ఉంచుకుని, బాకీ ఉన్నారని ఖాళీ చేయించడం కుదరదని తేలింది. అడ్వాన్సు మన డబ్బు కాదు. మేం దాన్ని విడిగా ఫిక్సెడ్ డిపాజిట్‌లో పెడతాం. ఇప్పుడు మూడు నెలలకు మించి తీసుకోం.

ఇల్లిచ్చే రోజూ, ఖాళీ చేసే రోజూ ఇద్దరం కలిసి గది గదీ తిరుగుతాం. ఫ్యాన్లు ఎన్ని, కుళాయి కారుతోందా, గోడకు మేకులు ఎన్ని, మీటరు రీడింగు ఎంత, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెడతాం. ఫోటోలు తీస్తాం. రంగు మాసిపోవడం, తలుపు బిగుసుకోవడం లాంటివి కాలంతో వచ్చేవి. వాటికి అడ్వాన్సులో కోత వెయ్యం. కిటికీ అద్దం పగిలితే వేస్తాం.

కరెంటు మీటరు వాటాకొకటి విడిగా ఉండాలి. లోపల చిన్న మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని బోర్డు రేటుకన్నా ఎక్కువ వసూలు చేసే ఇళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. 2016 నుంచి ఇళ్ళకు రెండు నెలలకు వంద యూనిట్లు ఉచితం. ఆ ఉచితం కూడా వాడుకున్నవాళ్ళకే చెందాలి.

నీళ్ళ సంగతి ఒప్పందంలోనే రాయాలి. కృష్ణ నీళ్ళకోసం 1983లో ఒప్పందమైతే, 1996లో అవి పూండి చేరాయి. ఆ రోజు అవ్వ కుళాయి తిప్పి "మన నీళ్ళొచ్చాయి" అంది. అయినా 2003-04లో, మళ్ళీ 2019 ఎండల్లో లారీ నీళ్ళే గతి అయ్యాయి. లారీ ఖర్చు మనిషికింతా, వాటాకింతా అన్నది ముందే తేల్చకపోతే ముత్తంలో కొట్లాట ఖాయం. మా ఇంట్లో మనుషుల లెక్క. వాననీటి గుంత 2003లో సర్కారు తప్పనిసరి చేసినప్పుడు తవ్వించాం. ఏటా ఆడి మాసం ముగిసేలోపు పూడిక తీయించాలి.

మరమ్మతులకు బాడుగలో ఆరోవంతు ప్రతినెలా పక్కన పెట్టాలి. ఆదాయపన్ను లెక్కలో ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు, ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. నిజంగా ఖర్చు పెట్టాలి. మదరాసు టెర్రస్ మిద్దె మీద సిమెంటు పోసి బరువు పెంచొద్దు. చెట్టుమొలకలు కనపడిన వారమే పీకించాలి.

కొత్వాల్ చావడి 1996లో కోయంబేడుకు తరలిపోయాక మా వీధిలో ఇళ్ళన్నీ గోడౌన్లయ్యాయి. మేం కూడా ఆశపడి కింద ముందు వాటాను స్టీలు పాత్రల సరుకుకిచ్చాం. ఇంటి బాడుగకు మూడింతలొచ్చింది. మూడేళ్ళలో నడవ గచ్చు కుంగి, దూలం పట్టిన గోడ చీలింది. వచ్చిన ఎక్కువంతా బాగుచేతకే పోయింది. ఇల్లు మనుషులకోసం కట్టింది. మనుషులకే ఇవ్వాలి.

చుట్టాలకిచ్చినా కాగితం రాయాలి. చుట్టాలకైతే ముఖ్యంగా రాయాలి. పుస్తకంలో చిరకాలం మిగిలిపోయిన బాకీలు మూడూ మనవాళ్ళవే.

2019 తరవాత

తమిళనాడులో పాత చట్టం పోయి, యజమానులూ బాడుగదారుల హక్కులూ బాధ్యతలూ అన్న 2017 చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలుకొచ్చింది. ఇప్పుడు ప్రతి బాడుగకూ రాతపూర్వక ఒప్పందం ఉండాలి. దాన్ని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చెయ్యాలి. రిజిస్ట్రేషను తప్పించుకోవడానికి పదకొండు నెలలని రాసుకునే పాత అలవాటుతో ఈ నమోదు తప్పదు. యజమాని లోపలికి రావాలంటే ముందురోజే తెలపాలి. న్యాయమైన బాడుగ లెక్క పోయింది, ఇద్దరూ ఒప్పుకున్నదే బాడుగ. పాతకాలం నుంచి కాగితం లేకుండా ఉన్నవాళ్ళతో కూడా ఒప్పందం రాసుకోవాలన్నారు, గడువు పలుమార్లు పెంచారు. ఆ ఒప్పందం కుదరకపోతే, అదొక్కటే కారణంగా యజమాని ఇల్లు తిరిగి కోరవచ్చు.

ఆ చివరి వాక్యం మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. వెనక వాటాలో వాద్యారు గారమ్మాయి ఉంది. మేమంతా అక్కా అనే పిలుస్తాం. టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు, అమ్మానాన్నలను ఆ వాటాలోనే సాగనంపింది. అప్పటికి ఆమె ఇచ్చే బాడుగ రూ. 1,800. బయట అలాంటి వాటాకు 9,000. ఇల్లు మొత్తం ఖాళీ చేసిస్తే కట్టిస్తామని బిల్డర్లు వస్తున్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫోన్ కాన్ఫరెన్సులో లెక్క చెప్పాడు. స్థలం విలువమీద మనకు వస్తున్నది రెండు శాతం కూడా లేదు, మిద్దె బాగుచేతకు లక్షలు కావాలి, ఇప్పుడు చట్టం మనవైపుంది, ఒప్పందం కుదరలేదని ఒక్క దరఖాస్తు వేస్తే చాలు. వాడి లెక్కలో తప్పులేదు. మిద్దె గురించి వాడికున్న భయం మాకూ ఉంది.

కానీ "ఒప్పందం కుదరలేదు" అనాలంటే, కుదరనివ్వకుండా చెయ్యాలి. ఆమె ఒప్పుకోలేని మొత్తం అడగాలి. అది 1971లో మనియార్డరు తిప్పి పంపడానికి వేరే పేరు, అంతే. ఆ మాట మా పెద్దనాయన మనవరాలే అంది. ఆ తరవాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

2020 జనవరిలో అక్క దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పాం. పన్ను ఎంత, మిద్దెకు ఎంత, మాకు కనీసం ఎంత కావాలి. ఆమె తన పెన్షన్ పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. రూ. 4,500కి ఒప్పందమైంది, ఏటా 5 శాతం పెంపు. మూడేళ్ళకొకసారి తిరగ రాసుకుంటాం, ఆమె ఉన్నంతకాలం. నమోదు చేయించాం. సంతకం పెట్టాక ఆమె లోపలికెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో వాళ్ళ నాన్న దాచిన రసీదులు ఉన్నాయి, మొదటిదానిమీద అణా స్టాంపు, తాత సంతకం. తిప్పి పంపిన మనియార్డరు కూపన్లు కూడా ఉన్నాయి. "రెండూ కలిపే ఉంచాను" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

తమ్ముడు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. మిద్దె ఖర్చులో తన వాటా మాత్రం పంపాడు. బిల్డరుకు ఇవ్వడమా మానడమా అన్నది పిల్లలు తేల్చుకోవలసిన సంగతి. ఎటు తేల్చుకున్నా ఉన్నవాళ్ళకు ఉన్నమాట రాతలో చెప్పి తేల్చండి. పుస్తకం శుభ్రంగా రాయండి. అది ఎప్పుడూ మనవైపే సాక్ష్యం చెబుతుందనుకోకండి, అలా చెప్పేటట్టు ఉండండి.

ఎనిమిదో పుస్తకం కొన్నాం, ఎర్రగుడ్డ అట్టే. కంప్యూటరులో ఎలాగూ ఉంటుంది, ఇది కూడా రాయండి. మొదటి పేజీలో మొదటి పద్దు మేమే రాశాం: "వెనక వాటా, అక్క, బాడుగ ముట్టింది. రసీదు ఇవ్వడమైనది."

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి చిట్టాలూ ఆవర్జాలూ ఉంటే పాతకాగితాలవాడికి వెయ్యకండి. ఒక సాయంత్రం కూర్చుని చదవండి.